తోడు ఓడలు

(గుండ్లపోచంపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



బస్సెక్కినా రైలెక్కినా 300 కిలోమీటర్లు దాటితే గాని సముద్రం కనిపించని ఊళ్ళో ఓడల మీద ఉపన్యాసం ఏమిటని నిర్వాహకుల్లో ఒకరు కాస్త మొహమాటపడ్డారు. ఆ మొహమాటం అక్కర్లేదు. ఇక్కడికి కూతవేటు దూరంలో, ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ ఉంది. హిందూ మహాసముద్రంలో భూకంపం వస్తే సునామీ ముప్పు ఉందో లేదో అక్కడి నుంచే చెబుతారు. దుండిగల్‌లో వాయుసేన కుర్రాళ్ళతో పాటు నౌకాదళం, కోస్ట్‌గార్డు పైలట్లు కూడా రెక్కల బ్యాడ్జీ అందుకుంటారు. వికారాబాద్ దామగుండం అడవిలో, నీటి అడుగున తిరిగే సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది.  సముద్రం మన గడపలోకి ఎప్పుడో వచ్చేసిందని చెప్పడానికే ఇదంతా.

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆయన కూడా అలా వచ్చినవారే. విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో టగ్గు నడిపి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి ఇక్కడికి చేరారు. పేరు అచ్చులో వద్దని ఇంటివాళ్ళు కోరారు కాబట్టి ఉద్యోగం పేరుతో సరంగు గారనే అంటాను. ‘నేవీలో చేశారా?’ అని ఎవరైనా అడిగితే, ‘నేవీకి చేశాను’ అనేవారు. ఆయన యూనిఫాం నౌకాదళంది కాదు, ర్యాంకు లేదు, సెల్యూట్ లేదు. కానీ ఆయన టగ్గు వచ్చి పక్కన నిలబడితే తప్ప పెద్ద యుద్ధనౌక ఏదీ విశాఖ ఇన్నర్ హార్బర్‌లో జెట్టీని వదలదు. ఆ తరహా మనుషుల చరిత్ర చెప్పడానికే వచ్చాను. ప్రపంచంలో ఏ నౌకాదళమూ తన ఓడలతోనే తన పని చేసుకోలేదు. కూలి మాట్లాడుకుని, ఒప్పందం రాసుకుని వచ్చిన మామూలు ఓడవాళ్ళు దానికి తోడు నిలిచారు. సిపాయి ప్రమాణం మీద నడుస్తాడు, వీళ్ళు ఒప్పందం మీద నడుస్తారు. ఈ తేడాలోనే వీళ్ళ చరిత్రంతా ఉందని నా అభిప్రాయం.

మన తీరం నుంచే మొదలుపెడతాను. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ ఎంతెంత పెద్ద ఓడలున్నా, కోరమాండల్ తీరంలో వాటికి రేవు లేదు. మద్రాసయినా, విశాఖపట్నమయినా, భీమునిపట్నమయినా ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడాల్సిందే. మధ్యలో విరిగిపడే కెరటాలు. యూరపు నుంచి ఓడతో పాటు వచ్చిన గట్టి పడవలు ఆ కెరటాల్లో బోల్తాకొట్టేవి. అక్కడ పనికొచ్చింది మన మసూలా పడవ. దానికి ఒక్క మేకు ఉండదు. పలకకూ పలకకూ కొబ్బరి తాడుతో కుట్టు వేసి, సందుల్లో పీచు కూరతారు. కెరటం తెచ్చి ఇసుక మీద పడేసినా పలకలు వంగుతాయి గాని విరగవు. యుద్ధనౌకకు తాగే నీళ్ళు, బియ్యం, కూరగాయలు, తుపాకిమందు, చివరికి దొరగారు కూడా ఆ కుట్టు పడవలోనే ఎక్కి దిగాలి. అల మరీ పెద్దదై పడవ కూడా పోలేని రోజున తెప్ప మీద ఒక మనిషి, తడవకుండా టోపీలో ఉత్తరం దాచుకుని, ఓడ దాకా వెళ్ళి వచ్చేవాడు.

పడవవాళ్ళ మీద అజమాయిషీకి మద్రాసులో మాస్టర్ అటెండెంట్ అనే అధికారి ఉండేవాడు. ఎంత అధికారి ఉన్నా, ఈ అల మీద పడవ దించాలా వద్దా అన్నది తండేలు చెప్పాలి. ఈమధ్య సినిమా పేరై అందరి నోటా నలిగిన మాట, పడవకు పెద్ద అని అర్థం. ఫిరంగులున్న అడ్మిరల్ తీరం మీద నిలబడి, మొలకు గుడ్డ చుట్టుకున్న మనిషి సరేననే దాకా ఆగాల్సి వచ్చేదంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. నౌకాదళ చరిత్రలు రాసినవాళ్ళకు అంత ముచ్చట వేసినట్టు లేదు.

ఒక ఉదాహరణ. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందే సముద్ర యుద్ధం జరిగింది. సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక లంగరు వేసి ఉంది. దాని రక్షణలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లట్ అనే రెండు వ్యాపార ఓడలు సరుకు ఎక్కించుకుంటున్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మూడు నౌకలతో వచ్చి పడ్డాడు. ఆ వేళకు సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఓడలో లేడు, ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెడితే, కెప్టెన్ పడవెక్కి, పోరు సాగుతుండగానే తన ఓడ చేరాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకువచ్చి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లట్ లొంగిపోయింది, సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని మిగిలింది. కెప్టెన్ పేరు, లెఫ్టినెంట్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ పూట పడవల మీద ఉన్నవాళ్ళ పేర్లు లేవు.

గోదావరి పాయ మీది కోరంగి సంగతి మరో తరహా. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 19వ శతాబ్దం మొదట్లో రోబక్ అనే ఇంటిపేరున్న ఆంగ్లేయుడి చొరవతో అక్కడ డాక్ కట్టారు. బ్రిటిష్ యుద్ధనౌకలు కూడా మరమ్మతుకు వచ్చాయి. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫానులు కోరంగిని తుడిచిపెట్టాయి. ఊరు పోయినా పేరు మిగిలింది: బర్మాలో తెలుగువాణ్ణి చాలాకాలం ‘కోరంగీ’ అనే పిలిచారు.

అదే ఇంటిపేరుతో 1802లో మద్రాసులో పుట్టిన జాన్ ఆర్థర్ రోబక్ తరవాత బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆయన ప్రస్తావన ఎందుకంటే, క్రిమియా యుద్ధంలో 1854 నవంబరు 14న బాలక్లావా రేవు బయట తుఫాను వచ్చి, సిపాయిల చలికోట్లూ బూట్లూ తెచ్చిన ప్రిన్స్ అనే ఆవిరి ఓడను ముంచేసింది. ఆ చలికాలం బ్రిటిష్ సైన్యం తూటాలకంటే చలికీ రోగాలకీ ఎక్కువ చచ్చింది. విచారణ జరగాలని 1855 జనవరిలో రోబక్ పెట్టిన తీర్మానం 148 మీద 305 ఓట్లతో నెగ్గి, ఎబర్డీన్ ప్రభుత్వాన్ని కూల్చింది. సరుకు ఓడ దారి తప్పితే మంత్రివర్గాలు పడిపోతాయని అప్పటికి లండన్‌కు అర్థమైంది. అయినా ఆ ఓడలకో పద్ధతి ఏర్పాటు చేయడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది.

ఆ యాభై ఏళ్ళలో తెరచాపలు పోయి బొగ్గు వచ్చింది. గాలికి డబ్బులివ్వక్కర్లేదు, బొగ్గుకు ఇవ్వాలి. పైగా బొగ్గు అయిపోతే యుద్ధనౌక సముద్రం మధ్య ఇనుప గుట్టే. రష్యా జార్ చక్రవర్తి జపాను మీదికి తన బాల్టిక్ నౌకాదళాన్ని పంపినప్పుడు దారిలో రష్యాకు ఒక్క రేవు లేదు. 18,000 మైళ్ళు. ఆ దారి పొడవునా దానికి బొగ్గు అందించింది హాంబర్గ్-అమెరికా లైన్ అనే జర్మన్ వ్యాపార కంపెనీ ఓడలు. అలా మోసుకుంటూ వెళ్ళి 1905 మే నెలలో సుషిమా దగ్గర ఆ నౌకాదళం నాశనమైంది. ఓటమి దాన్ని నడిపిన అడ్మిరల్ రోజెస్ట్వెన్‌స్కీది. అంతదూరం చేరడమనే అద్భుతం మాత్రం బొగ్గు ఓడలవాళ్ళది.

అదే ఏడాది ఆగస్టు 3న బ్రిటిష్ అడ్మిరల్టీ ఒక సర్క్యులర్ తీసింది. నౌకాదళం సొంతమైనవే అయినా వ్యాపార నావికులు నడిపే ఓడలన్నీ ఇకపై ‘రాయల్ ఫ్లీట్ ఆక్సిలరీ’. జెండా వేరు: నీలి జెండా మీద బంగారు లంగరు. లోపల ఉండేవాళ్ళు వ్యాపార నావికుల ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళు. ఆ పద్ధతి ఇవాళ్టికీ నడుస్తోంది. అమెరికా 1949 అక్టోబరు 1న ఇలాంటి సంస్థనే పెట్టింది. ఇప్పుడు దాని పేరు మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్. 1972లో తాలుగా అనే చమురు ఓడను పౌర నావికులకు అప్పగించి చూశారు. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో అదే పని జరిగింది. తరవాత్తరవాత వాళ్ళ సరఫరా ఓడలన్నీ ఆ దారి పట్టాయి.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. సరంగు గారు దీన్ని చేతులతో చూపించేవారు, నాకు మాటలే దిక్కు. నడిసముద్రంలో చమురు ఎక్కించాలంటే ఓడలు ఆగవు. రెండూ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో, పక్కపక్కన 40, 50 మీటర్ల ఎడంలో గంటల తరబడి నడవాలి. ఒక ఓడ నుంచి తుపాకీతో సన్నని తాడు రెండో ఓడ మీదికి పేలుస్తారు. దాన్ని పట్టుకుని లాగితే దాని వెనక లావు తాడు, ఆ వెనక ఉక్కు తీగ, ఆ తీగకు వేలాడుతూ చమురు గొట్టం వస్తాయి. రెండు ఓడల మధ్య ఇరుకులో నీళ్ళు పరుగెత్తుతాయి, ఆ నీళ్ళు ఓడల్ని ఒకదానివైపు ఒకటి లాగుతుంటాయి. చుక్కాని పట్టినవాడు ఒక్క డిగ్రీ తప్పాడంటే ఉక్కు తీగ తెగి, అడ్డమొచ్చిన మనిషిని రెండు ముక్కలు చేస్తుంది. మన నౌకాదళానికి 2011 అక్టోబరు 1న విశాఖపట్నంలో చేరిన ఐఎన్‌ఎస్ శక్తి 27,500 టన్నుల ఓడ. ఒకేసారి నాలుగు నౌకలకు, గంటకు 1,500 టన్నుల చొప్పున చమురు ఇవ్వగలదు. అంతసేపూ అది తిన్నగా పోవాలి, పక్కకు తప్పుకోకూడదు. యుద్ధకాలంలో అంతకంటే సులువైన గురి శత్రువుకు దొరకదు.

లాస్కర్ల మాట చెప్పకుండా ఈ చరిత్ర నడవదు. బ్రిటిష్ వ్యాపార ఓడల్లో లాస్కర్లంటే మన దేశపు నావికులు. సిల్హెట్, కొంకణం, గుజరాత్, మలబారు వాళ్ళతో పాటు మన తీరం వాళ్ళూ ఉన్నారు. బాయిలర్ గదిలో బొగ్గు ఎత్తిపోసిందీ వీళ్ళే, వంటశాలలో భండారీలూ వీళ్ళే. తెల్ల నావికుడికిచ్చే జీతంలో చాలా చిన్న భాగం వీళ్ళకిచ్చేవారు. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది వారాలకే బ్రిటన్ రేవుల్లో భారత నావికులు జీతం పెంచితే గాని ఓడెక్కమన్నారు. వందలమందిని జైల్లో పెట్టారు. పెట్టినా ఓడలు నడవాలి కదా, జీతాలు పెంచక తప్పలేదు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లో 1946 నౌకాదళ తిరుగుబాటుకు చోటుంది, ఉండాల్సిందే. ఈ సమ్మెకు మాత్రం ఒక పేరా అయినా దొరకదు. యూనిఫాంలో ఉన్నవాడు ఎదురు తిరిగితే తిరుగుబాటు, కూలివాడు ఎదురు తిరిగితే గొడవ.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊళ్ళు ఖాళీ అయిన కథలు మన పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ రోజుల్లోనే మన తీరానికీ ఒడిశా తీరానికీ ఎదురుగా, ఒజావా నాయకత్వంలోని జపాను దళం 20కి పైగా వ్యాపార ఓడల్ని ముంచింది. మునిగినవాళ్ళలో లాస్కర్లు ఎంతోమంది. మూడు రోజుల తరవాత సింహళం దగ్గర హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక మునిగింది. ఆ రోజే అక్కడ మునిగిన వాటిలో అథెల్‌స్టేన్ అనే చమురు ఓడా ఉంది. ఇక ముంచినవాళ్ళ సంగతి. నాలుగు నెలల ముందు పెర్ల్ హార్బర్ దాకా జపాను నౌకలు వెళ్ళగలిగాయంటే, వ్యాపార కంపెనీల దగ్గర తీసుకున్న టాంకర్లు వాటికి దారిలో చమురు పోసినందుకే.

స్వతంత్ర భారతం ఏం చేసింది? విశాఖలో 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా కంపెనీ షిప్‌యార్డు 1948లో జల ఉష అనే ఓడను నీట దించింది. నెహ్రూ వచ్చారు. అదే తరవాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 2010లో రక్షణశాఖ చేతికి వెళ్ళింది. యుద్ధనౌకలకు చమురు పోసే దీపక్, శక్తి, జ్యోతి, ఆదిత్య లాంటి ఓడల్ని మనవాళ్ళు పౌరుల చేతికి ఇవ్వలేదు. అన్నీ ఐఎన్‌ఎస్‌లే, సిబ్బంది అంతా యూనిఫాంవాళ్ళే. పౌరులకు మిగిలింది రేవు లోపలి పని: టగ్గులు, నీళ్ళ బార్జీలు, మందుగుండు బార్జీలు, ఫెర్రీలు. లాస్కర్, సరంగు, భండారీ, టోపాస్ అనే పాత ఉద్యోగాల పేర్లు నిన్నమొన్నటి నియామక ప్రకటనల్లో కూడా కనిపిస్తాయి.

అవసరం మీదికి వస్తే మాత్రం రేవు బయటికీ పిలిచారు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన 1971 డిసెంబరులో కాక్స్ బజార్ దగ్గర సైన్యాన్ని దింపాలనుకున్నప్పుడు కలకత్తా నుంచి సిపాయిల్ని మోసుకెళ్ళింది షిప్పింగ్ కార్పొరేషన్ వారి విశ్వ విజయ్, శుద్ధ వ్యాపార ఓడ. నడిసముద్రంలో వాళ్ళను ఘరియాల్, గుల్దార్ అనే నౌకాదళ ఓడల్లోకి మార్చి, 14వ తేదీన ఉఖియా ఒడ్డున దింపారు. దింపుడు సరిగ్గా సాగలేదు. ఒడ్డుకు ముందు నీళ్ళు లోతుగా ఉండి కొందరు సిపాయిలు మునిగిపోయారు. అందుకే విజయగాథల్లో దాన్ని గబగబా దాటేస్తారు. దాంతో పాటు విశ్వ విజయ్‌నూ దాటేస్తారు.

అదే నెల మొదట్లో విశాఖ ఎదుట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. ఆ సబ్‌మెరైన్ మునిగిందనడానికి తేలుతూ కనిపించిన తొలి ఆనవాళ్ళను తెచ్చిచ్చింది మన జాలరులు.

చట్టం ఈ మనుషుల్ని ఎక్కడ నిలబెడుతుందో చూడండి. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 29వ అధికరణం ప్రకారం యుద్ధనౌక అనిపించుకోవాలంటే దానికి ప్రభుత్వ కమిషన్ పొందిన అధికారి ఉండాలి, సిబ్బంది సైనిక క్రమశిక్షణ కింద ఉండాలి. పౌరులు నడిపే తోడు ఓడ యుద్ధనౌక కాదు. అది శత్రువు ఓడను ఆపి సోదా చేయకూడదు, పట్టుకోకూడదు. కానీ శత్రువు దాన్ని కొట్టొచ్చు, తప్పు కాదు. అంటే కొట్టే హక్కు లేదు, దెబ్బతినే హక్కు మాత్రం పూర్తిగా ఉంది. 1982 ఫాక్లాండ్స్ యుద్ధానికి బ్రిటన్ నీలి జెండా ఓడలతో పాటు దాదాపు 50 వ్యాపార ఓడల్ని తీసుకుపోయింది. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే కంటైనర్ ఓడ క్షిపణి తగిలి కాలిపోయింది. కెప్టెన్ ఇయాన్ నార్త్‌తో సహా 12 మంది పోయారు. దానిలోని చినూక్ హెలికాప్టర్లు కాలిపోవడంతో సిపాయిలు ద్వీపం అడ్డంగా కాలినడకన పోవాల్సి వచ్చింది. జూన్ 8న సర్ గలహాడ్ అనే నీలి జెండా ఓడ మీద బాంబులు పడి 48 మంది చనిపోయారు. మంటల్లోకి మళ్ళీ మళ్ళీ దిగి సిపాయిల్ని బయటికి తెచ్చినవాడు హాంగ్‌కాంగ్ చైనీయుడు, చ్యూ యూ నామ్ అనే మామూలు నావికుడు. ఆయనకు జార్జి మెడల్ ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషం. అలా గుర్తింపు దొరికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు వస్తారు.

ఒప్పందం మీద నడిచే పద్ధతికి ఇంకో ముఖముంది. 2024లో నీలి జెండా ఓడల సిబ్బంది జీతాల కోసం సమ్మె చేశారు. మనుషులు చాలక ఫోర్ట్ విక్టోరియా లాంటి పెద్ద సరఫరా ఓడ జెట్టీకి కట్టేసి ఉండిపోయింది. అదే ఏడాది అమెరికా కూడా సిబ్బంది కొరతతో 17 తోడు ఓడల్ని పక్కన పెట్టాలని నిర్ణయించింది. అంత పెద్ద నౌకాదళం, దానికి చమురు పోసే మనిషి దొరక్క తల పట్టుకుంది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంచి, సెలవు కోసి, బయట ట్యాంకర్ కంపెనీ ఇచ్చేదానికంటే తక్కువ ఇస్తే ఎవడుంటాడు? ప్రమాణం చేసినవాణ్ణి ఆజ్ఞాపించవచ్చు. ఒప్పందం చేసుకున్నవాణ్ణి ఒప్పించాలి. మసూలా పడవ తండేలు దగ్గర అడ్మిరల్ నేర్చుకున్న పాఠం ఇదే, మధ్యలో రెండు శతాబ్దాలు గడిచేసరికి మరిచిపోయారు.

ఇప్పుడు ఈ ప్రశ్న మన దగ్గరికీ వస్తోంది. 2023 ఆగస్టులో రక్షణశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుతో సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఒక్కొక్కటి 44,000 టన్నుల బరువుండే ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు, ఇప్పటి శక్తికి ఒకటిన్నర రెట్లకు పైన. 2024 ఏప్రిల్‌లో మొదటి ఓడకు ఉక్కు కోయడం మొదలైంది. ఇవి కూడా యూనిఫాం కిందనే నడుస్తాయి. అది సబబేనా అని నన్నడిగితే సూటిగా చెబుతాను: ఇప్పటికి సబబే. బ్రిటన్, అమెరికా పౌరులకు ఇచ్చింది ప్రేమతో కాదు, ఖర్చు తగ్గించుకోవడానికి. ఖర్చు తగ్గించుకోవడం అలవాటైనవాడు ఆఖరికి జీతం దగ్గరే తగ్గిస్తాడు. మన వ్యాపార నావికుల్లో అనుభవజ్ఞులకు విదేశీ కంపెనీలు డాలర్లలో ఇస్తున్నాయి. వాళ్ళకు సరితూగే జీతం, సెలవు, ఓడ మునిగితే కుటుంబానికి సిపాయి కుటుంబంతో సమానమైన పెన్షను, ఈ మూడూ కాగితం మీద పెట్టగలిగిన రోజున పౌరులకు ఇవ్వవచ్చు. అంతవరకు ఇవ్వకపోవడమే మర్యాద.

రేవు లోపలి పనిలో ఉన్నవాళ్ళ విషయం వేరే. వాళ్ళు ఇప్పటికే పౌరులు, పని ఇప్పటికే చేస్తున్నారు. విశాఖ ఇన్నర్ హార్బర్ ఛానల్ ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో పక్క ఊరు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొట్టమొదట ఆ ఛానల్లోంచి లోపలికి వెళ్ళింది. ఆనాటి నుంచి ఓడలు పెరుగుతూ వచ్చాయి, ఛానల్ మాత్రం ఇప్పటికీ ఇరుకే. ఈ మధ్య షిప్‌యార్డే 50 టన్నుల లాగుడు శక్తిగల టగ్గులు కట్టి నౌకాదళానికిచ్చింది. టగ్గు మీద మోకు బిగిసినప్పుడు ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో ఏ పుస్తకమూ చెప్పదు. పాతవాడు కొత్తవాడి జబ్బ పట్టుకుని ఇవతలికి లాగితేనే తెలుస్తుంది. సరంగు గారు అలా ఎంతమందిని లాగారో ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, నాకంటే బాగా చెబుతారు.

చివరిగా ఒక పని అప్పగించి ముగిస్తాను. నౌకాదళానికి మ్యూజియంలున్నాయి. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ను ఒడ్డుకు లాగి పెట్టారు, పిల్లలు ఎక్కి చూస్తారు. టగ్గులకూ బార్జీలకూ అలాంటిది ఏదీ లేదు, వాటి మీద పనిచేసినవాళ్ళ జాబితా కూడా ఒక్క చోట దొరకదు. డాక్‌యార్డు నుంచి, షిప్పింగ్ కార్పొరేషన్ నుంచి రిటైరై హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లల దగ్గర స్థిరపడ్డవాళ్ళు గుండ్లపోచంపల్లిలో, కొంపల్లిలో, మేడ్చల్‌లో చాలామందే ఉన్నారు. మీ ఇళ్ళల్లో నావికుల సర్వీసు రాసే సీడీసీ పుస్తకాలు, పాత ఐడెంటిటీ కార్డులు, డ్యూటీ రాసుకున్న డైరీలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఫోటోలకు వెనక పేరు, ఓడ, సంవత్సరం రాయండి. గొంతు బాగున్న పెద్దవాళ్ళను ఫోన్లో రికార్డు చేయండి, చెప్పింది చెప్పినట్టు, మధ్యలో సరిదిద్దకుండా. సభ అయ్యాక బల్ల దగ్గర ఒక రిజిస్టరు పెడతారట, పేర్లు రాసి వెళ్ళండి.

ప్రశ్నలుంటే అడగండి. టగ్గుల గురించి అయితే నన్ను కాదు, ముందు వరసలో కూర్చున్న ఆయన స్నేహితుల్ని అడగండి.